తప్పు సారు చేతిది కాదు

మా వీధిలో అందరూ స్టూడియో సారు అని పిలిచే పెద్దాయన పోయిన నెల కన్నుమూశారు. ఆ పొద్దు నేను పుట్టపర్తిలో బంధువుల పెళ్లిలో ఉన్నాను. పంక్తిలో కూర్చోగానే అనంతపురం నుంచి మా ఆవిడ ఫోన్ చేసింది. "స్టూడియో సారు పోయినాడంట. పొద్దున స్నానం చేసి, రవంత సేపు పండుకుంటానన్నాడంట. మళ్ల లేయల్యా" అంది. అప్పటికే ఆకులో అన్నం వడ్డించేశారు. లేవాలో తినాలో తెలియక తిన్నాను. తింటుంటే నాకు మొదట కలిగింది దుఃఖం కాదు, తేలిక. ఇక ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తనవసరం లేదన్న తేలిక. చేయి కడుక్కునేటప్పటికి ఆ తేలిక మీదే అసహ్యం పుట్టింది. ఆ మాటేమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

సారు స్టూడియో పాతూరులో ఉండేది. ఫోటోలు తీయడం కంటే, ఉన్న ఫోటోలకు ప్రాణం పోయడం ఆయన అసలు పని. చనిపోయినవాళ్లకు గోడ మీద పెట్టుకోవడానికి ఒక్క మంచి ఫోటో కూడా లేని ఇళ్లు మా జిల్లాలో అప్పట్లో ఎన్నో. పెళ్లి గుంపులో మూల నిలబడ్డ మొహమో, రేషన్ కార్డు మీద అరిగిపోయిన మొహమో పట్టుకుని వచ్చేవాళ్లు. సారు దాన్ని మళ్లీ ఫోటో తీసి, పెద్దది చేసి, దాని మీద ఎయిర్‌బ్రష్‌తో పనిచేసేవారు. కలం లాగా చేతిలో ఇమిడే చిన్న పరికరం అది. గాలితో రంగును పొగలా చిమ్ముతుంది. సారు దాన్ని పెన్ను అనేవారు. పని మొదలుపెట్టే ముందు వచ్చినవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి ఒకటే అడిగేవారు: "మీ నాయన నవ్వేవాడా?" వాళ్లు ఆలోచనలో పడేవాళ్లు. కొందరు ఏడ్చేవాళ్లు. జవాబు వచ్చేదాకా సారు పెన్ను ముట్టేవారు కాదు.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మా సొంతూరు కదిరి దగ్గర. ధర్మవరం నుంచి పాకాల పోయే మీటర్ గేజి రైలు మా చేల పక్కనే పోయేది. తొంభైల చివర్లో ఆ లైను కూడా బ్రాడ్ గేజికి మార్చేస్తారన్న మాట వినబడుతున్నప్పుడు, నా చిన్నప్పటి బొగ్గింజన్నూ దాని వెనక ఇటుక రంగు పెట్టెలనూ బొమ్మగా చేసి ఉంచుకోవాలని పట్టుదల పుట్టింది. డబ్బా రేకులు కత్తిరించి జానెడు పొడవు పెట్టెలు చేశాను. లేతు మిషను వాళ్ల దగ్గర చక్రాలు తిప్పించాను. అన్నీ కుదిరాయి గానీ రంగు కుదరలేదు. కుంచెతో వేస్తే గీతలు పడేవి. కిటికీ అంచుల్లో రంగు ముద్ద కట్టేది. రెండు నెలల పని రంగు వేయగానే పిల్లల ఆటబొమ్మలా తయారయ్యేది.

ఒక పెట్టె సంచిలో వేసుకుని స్టూడియోకు పోయాను. సారు దాన్ని వెలుతురుకు పట్టి తిప్పి చూశారు.

"ఏమప్పా, ఇంత బాగా చేసి చీపురుతో రంగు పూసినావే?"

"కుంచెతోనే సార్."

"దీనికి కుంచె పనికిరాదు. ఇట్ల ఇయ్యి."

ఆయన గాలి ఒక లారీ ట్యూబులోంచి వచ్చేది. కంప్రెసర్ ఉండేది గానీ మా ఊర్లో కరెంటును నమ్ముకోలేం కదా. పంక్చర్ షాపులో ట్యూబు నిండా గాలి కొట్టించి, వీధిలో దొర్లించుకుంటూ తెచ్చుకునేవారు. ఆ ట్యూబుకు గొట్టం తగిలించి, పెన్నులో నాలుగు చుక్కల రంగు పోసి, పెట్టె పక్కగా ఒక్కసారి చెయ్యి ఆడించారు. రేకు మీద రంగు మంచులా దిగింది. గీత లేదు, ముద్ద లేదు. నిజం రైలు పెట్టె చిన్నదైపోయి నా ముందుకు వచ్చినట్టుంది. అట్లాంటిది నాకూ ఒకటి కావాలన్నాను.

"కొనుక్కుందువు గానీ తొందరపడొద్దు" అన్నారు సారు. "దీంట్లో రెండు రకాలుండాయి. మీట నొక్కితే గాలీ రంగూ రెండూ ఒకేసారి వచ్చేది ఒకటి. నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు వచ్చేది ఇంకోటి. నాది ఆ రెండోది. నువ్వు మొదటిది తీసుకో. మూతి సన్నంగా ఉండేది మాత్రం వద్దు. మన అనంతపురం గాలికి రంగు దారిలోనే ఆరిపోతాది. సన్నమూతి అయితే ఊరికే పూడుకుంటాది."

తనకు మంచి రకం ఉంచుకుని నన్ను పిల్లల రకం కొనుక్కోమంటున్నారని మనసులో గుచ్చుకుంది.

ఇద్దరం బెంగళూరు రైలెక్కి పోయాం. దుకాణంలో సారు నాలుగు రకాలు బయటికి తీయించారు. ఒక్కటి కూడా చిమ్మి చూడలేదు. ఒక్కొక్కదాన్నీ ముక్కలుగా విప్పి బల్ల మీద వరసగా పేర్చి, మళ్లీ బిగించి, "ఇది కడిగేదానికి ఎంతసేపు పడ్తాది?" అని అడుగుతూ కూర్చున్నారు. దుకాణదారు విసుగ్గా చూస్తున్నాడు. వెనక ఇంకా ఇద్దరు కొనేవాళ్లు నిలబడ్డారు. సారు పంచె మీద పాత రంగు మరకలు నాకు అక్కడే మొదటిసారి కనబడ్డాయి.

"ఎట్ల చిమ్ముతుందో చూడరా సార్?" అని గొంతు తగ్గించి అడిగాను.

"కొత్తప్పుడు అన్నీ బాగానే కొడ్తాయప్పా. కడిగేదానికి ఎట్లుండాదో చూసి కొనాల. కడగలేని పెన్ను నాలుగు దినాలకే చచ్చిపోతాది."

దుకాణదారు నా వైపు తిరిగి, ఈయన ఎవరని కన్నడంలో అడిగాడు. మా ఊరి పెయింటర్ అన్నాను. సారు తల ఊపి, "ఔను, పెయింటర్‌నే" అని తెలుగులో ఒప్పుకున్నారు. చివరికి ఆయన ఎంచిన సాదా రకం పక్కకు నెట్టి, సన్నమూతి ఉన్న రెండో రకం తీసుకున్నాను. "నేను ఫిజిక్స్ చెప్పేవాణ్ని సార్, గాలి గురించి నాకు తెలుసు" అని నవ్వుతూ అన్నాను కూడా. సారు కూడా నవ్వారు. తిరుగు ప్రయాణంలో హిందూపురం వచ్చేదాకా కడగడం ఎట్లో చెబుతూ వచ్చారు. నేను కిటికీలోంచి చూస్తూ ఊ కొట్టాను.

ఆయన చెప్పినట్టే అయింది. ఎనామిల్ రంగు పోసిన రెండో వారానికే నా పెన్ను మూతి పూడుకుపోయింది. థిన్నర్‌లో నానబెట్టాను, సూదితో పొడిచాను. పొడిచి పొడిచి పాడుచేశాను. కాలేజీలో ఎగ్జిబిషన్ దగ్గర పడింది. ఇంజనూ రెండు పెట్టెలూ రంగు లేకుండా రేకు రేకుగా ఉన్నాయి. సిగ్గుపడుతూనే సారు దగ్గరికి పోయాను. నేను చెప్పినానా లేదా అనే మాట ఆయన నోట రాలేదు. గూట్లోంచి చెక్కపెట్టె తీసి నా చేతిలో పెట్టారు.

"తీస్కపోప్పా. ఇన్నేండ్లలో దీన్ని గడప దాటించల్యా. నీకైతే ఇస్తా. పని తెలిసినోడివి."

మూడు రోజులు దానితో పనిచేశాను. ఆ పెన్నుతో నా చెయ్యి కూడా సారు చెయ్యి అయిపోయినట్టనిపించేది. ఇంజను నలుపు, పెట్టెల ఇటుక రంగు, పైకప్పుకు మసి పట్టిన బూడిద రంగు, అన్నీ అనుకున్నట్టు వచ్చాయి. మూడో రోజు మధ్యాహ్నం పెరట్లో కూర్చుని దాన్ని కడుగుతున్నాను. థిన్నర్ తడిసిన వేళ్లలోంచి జారింది. మూతి కిందుగా నాపరాయి మీద పడింది.

రంగును వదిలే లోపలి సూది మొన వెంట్రుక కొసలా వంగింది. గోటితో నెమ్మదిగా సరిచేసి, సన్న ఎమెరీ కాగితం మీద రుద్దాను. వేలికి నున్నగా తగిలింది. మూతిని మాత్రం కాలేజీ లాబ్ నుంచి తెచ్చిన భూతద్దంలో చూశాను. అంచున ఒక చీలిక ఉంది. మామూలు కంటికి కనబడేది కాదు. నీళ్లు పోసి చిమ్మాను. తిన్నగానే చిమ్మింది. పరవాలేదనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను.

మరుసటి రోజు చెక్కపెట్టె తిరిగిచ్చాను.

"ఎట్ల చేసిందప్పా?"

"బాగా చేసింది సార్."

"కడిగినావా?"

"కడిగినా సార్."

రెండూ నిజాలే. అంతకు మించి నోరు తెరవలేదు. చెప్పుంటే ఏమయ్యేది? ఒక మాట కోప్పడేవారు. మరో మూతి ఎక్కడ దొరుకుతుందో ఇద్దరం కలిసి వెతికేవాళ్లం. అంతే. గాలి గురించి నాకు తెలుసని ఆయన ముందే అన్నవాణ్ని, ఆయన ప్రాణంలా చూసుకున్న పెన్నును కింద పడేశానని చెప్పడానికి నాకు మనసు రాలేదు.

ఎగ్జిబిషన్‌కు సారు వచ్చారు. గాజుపెట్టెలో ఉన్న రైలు ముందు చాలాసేపు నిలబడ్డారు. అప్పటికే ఆయనకు ఒక కంటిలో పొర మొదలైంది. అద్దానికి మొహం ఆనించి చూసి, "రంగు దారిలో ఆరల్యా. బాగా దిగింది" అన్నారు. అందరూ వచ్చి నాకు షేక్‌హ్యాండ్ ఇస్తున్నారు. నేను ఆయన వైపు చూడలేదు.

తర్వాత కొన్నాళ్లకు యాడికి మండలంలోని ఒక పల్లె నుంచి ఒకామె స్టూడియోకు వచ్చింది. గొర్రెలు కాచుకునే కుటుంబం. భర్త చనిపోయాడు. ఆయన ఫోటో అంటూ ఒక్కటే ఉంది. గొర్రెల లోను కోసం మందతో సహా నిలబెట్టి తీసినది. అందులో ఆ మనిషి మొహం చింతగింజంత ఉంది. నేను అప్పుడు అక్కడే ఉన్నాను.

"మీ ఆయన నవ్వేవాడామ్మా?" అని అడిగారు సారు.

"నవ్వేటోడు కాదు సామీ. గొర్రె ఈనితే మాత్రం నవ్వేటోడు."

"అట్లయితే గొర్రె ఈనిన పొద్దు మొగమే పెడదాం లే."

మొహం పెద్దది చేసి పని మొదలుపెట్టారు. చెంప మీద నీడ దించుతుంటే పెన్ను తుంపర కక్కింది. అమ్మవారు పోసినట్టు మొహం నిండా చుక్కలు. ఇంకో ప్రింటు వేశారు. అదీ అంతే. సూది బయటికి తీసి వేలితో తడిమి చూసుకున్నారు. అది నున్నగానే ఉంది. నేనే కదా రుద్దింది. మూతిలో చీలిక ఆయన కంటికి కనబడదు. ఆమె రెండోసారి బస్సులో వచ్చి ఊరికే పోయింది. మూడోసారి వచ్చి స్టూడియో మెట్టు మీద కూర్చుంది. ఆ పొద్దు మూడో ప్రింటు కూడా చెడిపోయింది.

సారు పెన్ను బల్ల మీద పెట్టారు. కుడిచెయ్యి నా ముందుకు చాపారు.

"నా కన్ను సరిగా లేదప్పా. నువ్వు చూసి చెప్పు. చెయ్యి అదురుతాండాదా?"

చూశాను. ఆ చెయ్యి గోడలో దిగేసిన మేకులా ఉంది. ఒక్క వేలూ కదలడం లేదు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదని నాకు ఆ క్షణంలోనే తెలుసు. నోరు తెరిచాను కూడా.

"రవంత అదురుతాంది సార్" అన్నాను.

ఎందుకన్నానో ఇన్నేళ్లుగా ఆలోచిస్తున్నాను. భయం ఒకటే అయితే మాట్లాడకుండా ఉండిపోయేవాణ్ని. నేను తప్పు దాచడమే కాదు, దాన్ని తీసి ఆయన చేతిలో పెట్టాను. నాకు ఆయన మీద కోపం లేదు, అసూయ లేదు. తప్పించుకోవడానికి ఆ దారి కనబడింది, దూరిపోయాను. ఇంతకంటే గౌరవమైన కారణం ఏదీ దొరకలేదు.

సారు చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నారు. మెట్టు దగ్గరికి పోయి ఆమెతో, "అమ్మా, నా చెయ్యి పోయింది. బస్టాండు దగ్గర కంప్యూటర్ స్టూడియో ఉండాది. ఆడికి పో. బాగా చేస్తాడు" అన్నారు.

"నువ్వైతేనే చేస్తావని వచ్చినా సామీ."

"నా చేతిలో ఉంటే చెయ్యనామ్మా?"

వారం తర్వాత ఆమె పటం కట్టించుకుని, చూపించడానికి మళ్లీ వచ్చింది. గొర్రెలు కాచిన మనిషికి నీలం కోటు, ఎర్ర టై. వెనక మబ్బులు. "ఎవురో ఆఫీసర్ మాదిరి ఉండాడు సామీ" అంది. సారు దాన్ని కంటి దగ్గరికి పెట్టుకుని చూసి, "బాగుండాడు లేమ్మా" అన్నారు. ఆ తర్వాత ఆయన పెన్ను పట్టుకోలేదు. ఏడాది తిరగకముందే స్టూడియో గది జెరాక్స్ వాళ్లకు బాడుగకు ఇచ్చేశారు.

ఆ మధ్యలో ఒకసారి బెంగళూరు పోయినప్పుడు ఆ పెన్నుకు సరిపోయే మూతి కోసం అడిగాను. అంత పాతవాటికి ఇప్పుడు రావన్నారు. సారుకు తెలియకుండా మార్చేద్దామని నా ఆలోచన. అప్పుడు కూడా చెప్పకుండా బయటపడే దారే వెతికానన్నమాట. రైలు బొమ్మలు చేయడం మానేశాను. ఎవరైనా అడిగితే తీరిక లేదనేవాణ్ని. సారు ఇంటి ముందు అరుగు మీద కూర్చుంటారని పక్క సందులోంచి తిరిగి పోయేవాణ్ని. ఎప్పుడైనా ఎదురుపడితే, "ఏమప్పా, ఇంకో రైలు చెయ్యవా?" అనేవారు.

కొన్నేళ్లకు ఆయన కంటికి ఆపరేషన్ అయిందని, చూపు బాగా వచ్చిందని తెలిసింది. ఆ సాయంత్రం ధైర్యం చేసుకుని పోయాను. అరుగు మీద ఆయన పక్కన కూర్చుని, నాపరాయి మీద పడిన సంగతి దగ్గర నుంచి చెయ్యి అదరకపోయినా అదిరిందన్న సంగతి వరకు అంతా చెప్పాను. ఆయన చివరిదాకా విన్నారు. తర్వాత నవ్వారు.

"పోప్పా. అట్లయ్యింటే నువ్వు ఆ పొద్దే చెప్పుండవా?"

"చెప్పల్యా సార్. భయపడినా."

"నువ్వా? నువ్వు అట్లా మనిషివి కాదులే." లోపలికి తిరిగి భార్యను పిలిచారు. "ఇదో, ఇట్ల రా. ఈయప్ప ఏమంటాండాడో విను. నా చెయ్యి పోయిందని నేను బాధపడ్తాండానని తప్పు తన మీదేసుకుంటాండాడు."

"నిజం సార్. ఆ పెన్ను ఇప్పించండి, చీలిక చూపిస్తా."

"అది యాడుండాదప్పా! పాతసామాన్ల బండోనికి ఎప్పుడో ఏసేస్తిమి." నా భుజం మీద చెయ్యి వేశారు. "వయసైతే అందరి చేతులూ పోతాయి. నేనేం బాధపడల్యా. నువ్వు ఇంత దూరం ఆలోచించినావు చూడు, అది చాలు."

మళ్లీ మళ్లీ చెప్పాను. చెప్పిన కొద్దీ ఆయన కళ్లలో నా మీద ప్రేమ పెరిగింది. నిజాన్ని అంత ఆలస్యంగా తీసుకుపోతే అది దయలా కనబడుతుందని నాకు తెలియదు. ఆయన ఆ సంగతి వీధంతా చెప్పుకున్నారు. టీ అంగడి ఆయన ఒకరోజు నా దగ్గర దుడ్లు తీసుకోకుండా, "సారు చెప్పినాడన్నా నీ గురించి. నీ మాదిరి మనుషులు తక్కువ" అన్నాడు. ఆ టీ తాగాను. ఆయన బతికున్నన్నాళ్లూ మా వీధిలో నేను మంచివాణ్ని.

పదకొండో రోజు అయ్యాక సారు ఇంటికి పోయాను. అమ్మ, అంటే సారు భార్య, నడవలో గోడకు ఆనుకుని, ముందు చేట పెట్టుకుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. తమ్ముడి వాళ్లు విత్తనానికి పంపించారట. ఊరికే కూర్చోలేక ఒలుస్తున్నానంది. నన్ను కూర్చోమంది.

"ఆ పొద్దు నువ్వొచ్చి అట్ల మాట్లాడినావే, దాన్ని పోయేదాకా చెప్పుకున్యాడు నాయనా" అంది.

లేచి వచ్చేయవచ్చు. పుట్టపర్తిలో ఆకు ముందు కలిగిన తేలిక నాకు గుర్తొచ్చింది.

"అమ్మా, ఆ పొద్దు నేను ఆయన్ని ఓదార్చేదానికి చెప్పల్యా. జరిగిందే చెప్పినా. పెన్ను నేనే పగలగొట్టినా. ఆయన చెయ్యి అదరల్యా. అదురుతాందని అబద్ధం చెప్పినా."

అమ్మ ఒలవడం ఆపింది. నా మొహంలోకి చూసింది. సారులా నవ్వలేదు. నమ్మిందని మాత్రం నాకు తెలిసింది.

"అట్లయితే ఆయప్ప చెయ్యి బాగనే ఉండెనా?"

"బాగనే ఉండె అమ్మా."

"కడదాకా?"

"నాకు తెలిసి కడదాకా బాగనే ఉండె."

ఆమె తన చేతుల వైపు చూసుకుంది.

"చెయ్యి అదురుతాండాది, ఒలికితే కాలుతాదని ఇన్నేండ్లూ ఆయప్పకు కాపీ సగం గలాసే పోసిస్తి" అంది. "ఒక్కపొద్దు కూడా నిండా పోయమని అడగల్యా."

తిట్టి ఉంటే బాగుండేది. క్షమించమని నేను అడగలేదు. లేచి చెప్పులు వేసుకున్నాను. గేటు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. అమ్మ అట్లాగే కూర్చుని ఉంది. చెయ్యి చేటలో ఉంది గానీ ఒలవడం లేదు. గాలికి కాయల మీది పొట్టు లేచి, ఆమె ఒళ్లోకి, నడవలోకి, గడప దాటి వీధిలోకి కొట్టుకుపోతోంది.